విశాఖలో పాత జిప్సీ: ముందు తొట్టి చూడండి, తర్వాతే ఇంజిన్

పాత మారుతి జిప్సీ అమ్మకానికి ఉందని తెలిసి వెళ్లినవాళ్లు ముందు బానెట్ ఎత్తిస్తారు. స్టార్ట్ చేయించి, చెవి ఒగ్గి విని, తల ఊపుతారు. విశాఖలో ఆ పని ఆఖర్న చెయ్యాలి. మొదట గోనెసంచి పరుచుకుని, టార్చి పట్టుకుని బండి కిందికి దూరాలి. ఇంజిన్ ఎంత పాడైనా గాజువాక ఆటోనగర్‌లో దారికొస్తుంది. జిప్సీ కింగ్‌లోని 1.3 లీటర్ల జీ13బీబీ ఇంజిన్ మారుతి ఎస్టీమ్ కారులో ఉన్నదే. 2005లో వచ్చిన మొదటి స్విఫ్ట్‌లోనూ అదే. అందుకే ప్లగ్గులు, ఫిల్టర్లు, టైమింగ్ బెల్టు కోసం ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. ఇరవయ్యేళ్లు సముద్రపు గాలి తిన్న చాసిస్ (అడుగున బండినంతా మోసే ఇనుప చట్రం) సంగతి వేరు. దాన్ని అతుకులు వేసి నిలబెట్టడమే తప్ప కొత్తది చెయ్యడం అయ్యే పని కాదు. అందుకే ఇక్కడ బండి ధర కట్టాల్సింది ఇనుముని బట్టి.

జిప్సీ అంటే ఒకటే బండి కాదు. 1985 డిసెంబరులో వచ్చిన ఎంజీ410లో 970 సీసీ ఇంజిన్, నాలుగు గేర్లు, 45 హార్స్‌పవర్. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. నలుగురు ఎక్కి అనంతగిరి ఘాట్ ఎక్కాలంటే మాత్రం లారీల వెనకాల ఓపిగ్గా పోవాలి. 1993లో చక్రాల మధ్య వెడల్పు పెంచారు. 1996లో 1298 సీసీ కార్బురేటర్ ఇంజిన్‌తో, ఐదు గేర్లతో ఎంజీ413డబ్ల్యూ వచ్చింది. 2000లో ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు పెట్రోలు ఇంజెక్షన్) కింగ్ వచ్చింది, 80 హార్స్‌పవర్. ఇంటిల్లిపాదీ తిరగడానికి కొనేవాళ్లు కింగ్ దగ్గరే ఆగడం మంచిది. వెడల్పు పెరగడం వల్ల మలుపుల్లో ఒరగడం తగ్గింది, ఇంజెక్షన్ వల్ల చలికాలం పొద్దున్న చోక్‌తో కుస్తీ లేదు. ఎంజీ410 కావాలనుకుంటే అది సరదా బండి. ఆదివారం భీమిలి దాకా వెళ్లొచ్చే బండి.

ఇక కింద చూడాల్సినవి. వెనక కమాన్ కట్టలు చాసిస్‌కి వేలాడే కొక్కేల (షాకిల్) బ్రాకెట్ల చుట్టూ చిన్న సుత్తితో కొట్టుకుంటూ పోండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, లోపల తిన్నది డొక్కు డబ్బాలా చప్పుడు చేస్తుంది. చాసిస్ పెట్టెలా మూసి ఉంటుంది కాబట్టి బురద, ఉప్పు నీళ్లు లోపలికి చేరి బయటికి రావు. పైకి నున్నగా కనిపించే చోటే లోపల పొరలు పొరలుగా ఊడుతుంది. తర్వాత తొట్టిని, అంటే మనం కూర్చునే రేకు బాడీని, చాసిస్‌తో కలిపే బోల్టులు, రబ్బర్లు. ఇక్కడ రబ్బరు నలిగిపోతే తొట్టి ఇనుము మీద ఇనుముగా కూర్చుని, గతుకుల్లో బోల్టు రంధ్రం పెద్దదవుతుంది. పైకొచ్చి, డ్రైవరు కాళ్ల కింద మ్యాట్ ఎత్తండి. వెనక చక్రం పైన ఉండే రెక్క తొట్టితో కలిసే మూల, డిక్కీ తలుపు కింది అంచు, ముందద్దం ఫ్రేము కింది రెండు మూలలు వేలితో నొక్కి చూడండి. పెయింటు కింద బుడగలుంటే లోపల తుప్పు పని చేస్తోందని అర్థం. ఒక అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి తొట్టి అంతా నడిపించండి, పట్టు జారిన చోటల్లా పుట్టీయే.

కింద కొత్తగా నల్లటి తారు కోటింగ్ తళతళలాడుతుంటే మురిసిపోకండి, అనుమానించండి. తుప్పు తీయకుండా దాని మీద తారు పూస్తే తేమ లోపలే ఇరుక్కుని ఇంకా తొందరగా తింటుంది. అమ్మే ముందు వారంలో వేయించిన కోటింగ్ సాధారణంగా ఏదో ఒకటి దాచడానికే. స్క్రూడ్రైవర్‌తో ఒకట్రెండు చోట్ల గీకి చూస్తామంటే అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే, ఆ బండి అక్కడే వదిలేయండి.

విశాఖలో పుట్టి పెరిగిన బండైతే ఇంకో ప్రశ్న ఉంది: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎక్కడుంది? చెట్టు కూలిన బండ్లలో ముందద్దం ఫ్రేము వంకర పోయి ఉంటుంది. రెండు పక్కలా తలుపుకీ ఫ్రేముకీ మధ్య సందు కొలిస్తే తెలిసిపోతుంది. నీళ్లలో నానినవాటికి డ్యాష్‌బోర్డు వెనక వైర్ల కనెక్టర్లలో పచ్చటి కిలుం కనిపిస్తుంది. వైరింగ్ మొత్తం మార్చుకునే ఓపిక లేకపోతే దాని జోలికి పోవద్దు.

స్టీరింగ్ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే జిప్సీని జనం ఎక్కువగా తిట్టుకునేది దీని గురించే. ముందు ఇరుసు చివర గుండ్రటి నకిల్ ఉంటుంది. దాని పైనా కిందా కింగ్ పిన్ బేరింగులు. అవి అరిగితే అరవై, డెబ్బై వేగంలో చిన్న గతుకు తగలగానే స్టీరింగ్ చేతుల్లో గడగడలాడి, బండి ఆపేదాకా ఊరుకోదు. చాలాచోట్ల దీనికి వీల్ బ్యాలెన్సింగ్ చేసి పంపేస్తారు, లేదా స్టీరింగ్ డ్యాంపర్ మార్చి డబ్బు తీసుకుంటారు. రెండువారాల్లో మళ్లీ మొదలు. సరైన వరుస ఇది: ముందు చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. కదలిక ఉంటే ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. అప్పుడు కదలిక ఆగితే వీల్ బేరింగ్, ఆగకపోతే కింగ్ పిన్. అదీ కాకపోతే టై రాడ్ చివర్లు, షాకిల్ బుష్షులు, ఆ తర్వాతే టైర్లు. కింగ్ పిన్ బేరింగులు మార్చేటప్పుడు సిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకు ముక్కలు) పాతవి ఎన్ని ఉన్నాయో అన్నే పెట్టేసి బిగించకూడదు. నకిల్ తిప్పితే కొద్దిగా బరువుగా తిరగాలి. వదులుగా తిరిగితే సిమ్ము తీయాలి, బిగుసుకుపోతే వెయ్యాలి. ఈ ఒక్క పనిలోనే తెలిసిన మెకానిక్‌కీ తెలియనివాడికీ తేడా బయటపడుతుంది.

నకిల్ గుండు మీద గ్రీజు పల్చగా, జారుడుగా కారుతుంటే లోపలి యాక్సిల్ సీల్ పోయి డిఫరెన్షియల్ ఆయిల్ గ్రీజులో కలుస్తోందన్నమాట. వెనక చక్రం లోపలివైపు తడిగా ఉంటే వెనక సీల్ పోయింది. అక్కడ ఆయిల్ నేరుగా బ్రేకు డ్రమ్ములోకి దిగుతుంది. సీలొక్కటీ మారిస్తే చాలదు, నూనె తాగిన బ్రేకు షూలు కూడా మార్చాల్సిందే. కడిగి ఎండబెట్టి మళ్లీ వేస్తే ఘాట్ దిగేటప్పుడు వేడికి ఆ నూనె పైకి వచ్చి బండి ఒక పక్కకి లాగుతుంది.

ఫోర్ వీల్ పని చేస్తుందని మాట మీద నమ్మవద్దు. తారు రోడ్డు మీద పరీక్షించనూ వద్దు. జిప్సీలో మధ్య డిఫరెన్షియల్ లేదు. ముందు వెనక ఇరుసులు ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి గట్టి నేల మీద మలుపు తిప్పితే మొత్తం బిగుసుకుపోయి, లివర్ బయటికి రానని మొండికేస్తుంది. మట్టి నేల మీదికి తీసుకెళ్లి, ముందు చక్రాలకి లాకింగ్ హబ్బులు (చక్రాన్ని ఇరుసుతో కలిపే తాళాలు) ఉంటే వాటిని లాక్‌లో పెట్టి, పూర్తిగా ఆగాక క్లచ్ తొక్కి 4ఎల్ (ఫోర్ వీల్ లో గేరు) వెయ్యండి. అప్పుడు రెండు ఇరుసులకీ శక్తి పంచే గేర్ల పెట్టె, అంటే ట్రాన్స్‌ఫర్ కేసు నిష్పత్తి 1.409 నుంచి 2.268కి మారుతుంది. మనిషి నడక వేగంలో, కాలు యాక్సిలరేటర్ మీద పెట్టకుండానే బండి గట్టు ఎక్కాలి. యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలినప్పుడు లివర్ దానంతటదే బయటికి దూకితే లోపల ఫోర్కు, గేరు పళ్లు అరిగాయి. ఆ ఖర్చు బేరంలో తీసేయండి.

ఇంజిన్‌కి రెండే మాటలు. పొడవాటి ఘాట్ గేరులో దిగి, కింద మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే నీలం పొగ గుప్పుమంటే వాల్వ్ సీళ్లు పోయాయి. నడుస్తున్నంతసేపూ పొగే అయితే రింగులు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం చూపించకపోతే, కొన్నరోజే మార్పించేయండి. మన దగ్గర ఇంకో చెడ్డ అలవాటుంది: బండి వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకి అవతల పారేస్తారు. ఎంపీఎఫ్ఐ బండిలో అది లేకపోతే ఇంజిన్ ఎప్పటికీ చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ ఎక్కువ పెట్రోలు పోస్తూనే ఉంటుంది. మైలేజీ పడిపోయింది, ప్లగ్గులు నల్లబడుతున్నాయి అంటే ముందు అది ఉందో లేదో చూడాలి. అన్నీ సవ్యంగా ఉన్న కింగ్ లీటరుకు పది కిలోమీటర్లు అటూ ఇటూ ఇస్తుంది. ట్యాంకు 40 లీటర్లు. అరకు వెళ్లి రావడానికి ఒక నిండు ట్యాంకు సరిపోతుంది.

కార్బురేటర్ బండ్లవాళ్లకి ఇప్పుడు 20 శాతం ఇథనాల్ పెట్రోలు కొత్త తలనొప్పి. పాత రబ్బరు పైపులు మెత్తబడి చెమ్మగిల్లుతాయి, మెకానికల్ ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్ సాగుతుంది. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదలని బండి ట్యాంకు అడుగున నీళ్లు చేరి తుప్పు పడుతుంది. పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించి, కార్బురేటర్ కిట్టు మార్చి, పదిహేను రోజులకోసారైనా బండి తీయాలి.

కాగితాల దగ్గర ప్రకటనల్లో కనిపించే ‘వింటేజ్’ మాటకి చట్టంలో విలువ లేదు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ వాహనమంటే యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్నది. దానికి ‘వీఏ’ అక్షరాలతో వేరే నంబరిస్తారు, రోజువారీ తిరగడానికి ఒప్పుకోరు. మొట్టమొదటి జిప్సీకి ఆ అర్హత వచ్చేది 2035 చివర్లో. అప్పటిదాకా అది మామూలు పాత బండే. పదిహేనేళ్లు దాటాక ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. కార్లకి ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు. ఇరవయ్యేళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. విశాఖ ఏపీ31 నంబరు బండైతే ఎన్నేళ్లు పొడిగించారో చూసుకుంటే చాలు. ఢిల్లీ వైపు నుంచి వచ్చిందైతే ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ లెక్కలోకి తీసుకోవాలి. అక్కడ పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద ఆంక్షలున్నాయి కాబట్టి బయటికి అమ్మేస్తుంటారు. సముద్రం చూడని ఆ బండ్ల అడుగు మన బండ్ల కంటే చాలా నయం, కాగితాల తిరుగుడికి ఓపిక ఉంటే అదే మంచి బేరం. సైన్యం, నేవీ వేలంలో వచ్చినవాటికి సివిల్ రిజిస్ట్రేషన్ పూర్తయిందా లేదా అన్నది ముందే తేల్చుకోండి. ‘అయిపోతుందండీ’ అన్న మాట మీద డబ్బు కట్టొద్దు. ఇంజిన్ నంబరు ఆర్‌సీతో సరిపోవాలి. డీజిల్ ఇంజిన్ ఎక్కించిన జిప్సీలు బోలెడున్నాయి, వాటిలో ఆర్‌సీలో పెట్రోలు అనే ఉన్నవే ఎక్కువ. ప్రమాదం జరిగినరోజు ఇన్సూరెన్సు చేతులెత్తేస్తుంది.

ఇప్పుడు ఇంట్లోవాళ్ల సంగతి. ముందు సీట్లలో ఇద్దరు హాయిగా కూర్చుంటారు. వెనక ఎదురెదురుగా ఉండే బల్ల సీట్లు ఫోటోలకి బాగుంటాయి, ప్రయాణానికి కాదు. ఆర్‌సీలో ఎంతమంది అని రాసున్నా సరే. పక్కకి తిరిగి కూర్చుంటే ఘాట్ రోడ్డులో పిల్లలకి వాంతులు తప్పవు, పైగా బెల్టులుండవు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ ఉండాలని 2019 సవరణ చట్టం చెబుతోంది, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా మాట అలా ఉంచి, గుడ్డ టాపు బండిలో బెల్టు లేని పిల్లాడంటే భయపడాలి. ముందుకి చూసే బెంచి సీటు వేయించి బెల్టులు పెట్టించడమే దారి. బెల్టు బోల్టులు తొట్టి రేకుకి బిగిస్తే లాగినప్పుడు రేకు చిరిగి వస్తుంది. కింద మందపాటి ఇనుప పలక వేసి, చాసిస్‌కో దాని అడ్డదూలానికో పట్టేలా బిగించాలి. సీట్ల మార్పు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. అలా చేశాక అది నలుగురి బండి. ఐదో మనిషి ఎక్కాలంటే సామాన్లు దిగాలి.

అమ్మమ్మలూ తాతయ్యలూ ఎక్కడం కష్టమే. వెనక తలుపులోంచి ఎక్కించే ప్రయత్నం చెయ్యకండి, ముందు సీటు వాళ్లకిచ్చి, ఒక చిన్న ప్లాస్టిక్ స్టూలు బండిలో పడేసుకోండి. వాళ్ల నడుముకి కమాన్ల కంటే టైర్లలో గాలే పెద్ద శత్రువు. జిప్సీ బరువు సుమారు వెయ్యి కిలోలు. పెట్రోలు బంకు కుర్రాడు పెద్ద ఎస్‌యూవీ అనుకుని 35 కొట్టేస్తాడు, బండి రబ్బరు బంతిలా ఎగురుతుంది. కంపెనీ చెప్పిన అంకె చూసి చల్లటి టైర్లలోనే కొట్టించండి. కమాన్ ఆకుల మధ్య తుప్పు పట్టినా ఇదే గతి. కట్ట విప్పి, ఆకులు బ్రష్‌తో రుద్ది, గ్రాఫైట్ గ్రీజు పూసి కడితే సగం గట్టిదనం పోతుంది. షాకిల్ బుష్షులు రబ్బరువి, వాటికి గ్రీజు పూస్తే పాడవుతాయి.

ఏప్రిల్, మే ఉక్కపోతలో గుడ్డ టాపు బండిలో పిల్లల్ని పగలు తిప్పాలనుకోవద్దు. ఏసీ పెట్టించినా గుడ్డలోంచి చల్లదనం పోతుంది, ఇంజిన్ మీద బరువే మిగులుతుంది. ఈ బండి రుతువు కార్తీకం నుంచి మొదలవుతుంది. గుడ్డ విప్పి, ముందద్దం బానెట్ మీదికి వాల్చి, గాలికొండ దగ్గర మంచులో కాఫీ తోటల పక్కన నెమ్మదిగా పోతుంటే దాని కష్టాలన్నీ మర్చిపోతాం. నాలుగు రెట్లు ఖరీదైన కొత్త బండిలోనూ ఆ సుఖం లేదు. అద్దం వాల్చేది మాత్రం తారు రోడ్డు మీద కాదు, మట్టి దారిలోనే, అదీ పిల్లలకి కళ్లజోళ్లు పెట్టి. శృంగవరపుకోట దాటాక ఎక్కుడు మొదలవగానే రెండో గేరు, మూడో గేరు మధ్య ఆడుకోవాలి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. వెనక డ్రమ్ములు వేడెక్కితే బ్రేకు మెత్తబడుతుంది. మన తేమకి బ్రేకు ఆయిల్ త్వరగా నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మొత్తం మార్చాలి. లంబసింగి వైపు చలికి తెల్లారుజామున బయల్దేరేవాళ్లు వైపర్లూ ఫాగ్ లైట్లూ ముందురోజే చూసుకోవాలి.

వెళ్లకూడని చోట్లు రెండు. ఒకటి ఇసుక తీరం. చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఆ ఇసుకలోనే గుడ్లు పెడతాయి, పైగా ఉప్పునీళ్లలో ఒక్కసారి దిగినా చాసిస్ ఆయుష్షు తగ్గుతుంది. రెండోది భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ల ఆ మట్టి గుట్టలు భూవారసత్వ సంపద, టైరు గీత పడితే వాన దాన్ని వాగు చేస్తుంది.

నూనెల కొలతలు రాసిపెట్టుకోండి: గేర్‌బాక్సు 1.3 లీటర్లు, ట్రాన్స్‌ఫర్ కేసు 0.8, ముందు డిఫరెన్షియల్ 2, వెనకది 1.5. అంటే మొత్తం 5.6. డిఫరెన్షియల్‌కి జీఎల్5 రకం గేర్ ఆయిల్ వెయ్యాలి. గేర్‌బాక్సులో ఇత్తడి సింక్రో రింగులుంటాయి కాబట్టి జీఎల్4 మంచిది. కింది బిరడా విప్పే ముందు నింపే బిరడా వస్తుందో లేదో చూడండి. నూనె మొత్తం దించేశాక పైది తుప్పు పట్టి రాకపోతే బండి అక్కడే కూర్చుంటుంది. వాగు దాటి వచ్చిన మర్నాడు నాలుగు బిరడాలూ కొద్దిగా విప్పి చూడాలి. నూనె పాలు పోసిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి, వెంటనే మార్చాలి. వేడి ఇరుసు చల్లటి నీళ్లలో దిగితే బ్రీదర్ (ఇరుసుకి గాలాడే చిన్న రంధ్రం) లోంచి నీళ్లు పీల్చుకుంటుంది. బ్రీదర్‌కి ఒక రబ్బరు పైపు తగిలించి పైకి బానెట్ కిందికి తెచ్చి కడితే ఆ బాధ ఉండదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసుల నిపుల్స్‌కి ఐదువేల కిలోమీటర్లకోసారి గ్రీజు. పాత గ్రీజు నాలుగు మూలలా బయటికి వచ్చేదాకా కొట్టాలి. ఒక మూల రాకపోతే ఆ మూలే ముందు పోతుంది.

తుప్పు పని వానలు తగ్గాక, ఎండ నిలిచాక చెయ్యాలి. అడుగంతా మంచినీళ్లతో ఒత్తిడి పెట్టి కడిగి, రెండు రోజులు ఎండబెట్టి, వైర్ బ్రష్‌తో పొరలు రాల్చి, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ పూయాలి. నల్లబడి ఆరాక జింక్ ప్రైమర్, దాని మీద ఎనామెల్ రెండు చేతులు. చాసిస్ పెట్టె లోపలికి పొడవాటి నాజిల్‌తో మైనం కొట్టించాలి. తొట్టి అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం పెయింటుతో మూసుకుపోకూడదు, ప్రైమర్ ఆరకముందే సైకిల్ పుల్లతో తీసేయండి. బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఇల్లున్నవాళ్లు నెలకోసారి అడుగు కడిగించాలి. గట్టి గుడ్డ కవరు కప్పితే తేమ లోపలే ఉంటుంది, దానికంటే పైకప్పు ఉన్న గాలాడే చోటు నయం.

మహీంద్రా పాత జీపుతో పోలిక అడుగుతారు. దాని రేకు మందం, డీజిల్ ఖర్చు తక్కువ, ఊళ్లో ప్రతి మెకానిక్‌కీ తెలుసు. కానీ బరువు, మోత ఎక్కువ. పిల్లలతో దూరం వెళ్లాలంటే జిప్సీయే. బురదలో బరువైన బండి కూరుకుపోయే చోట ఇది తేలిగ్గా దాటిపోతుంది.

టెస్ట్ డ్రైవ్‌కి మల్కాపురం దాటి యారాడ కొండెక్కే రోడ్డు చాలు. ఎక్కుడులో క్లచ్ జారుతుందో లేదో, పైన ఆపితే హ్యాండ్ బ్రేక్ పడుతుందో లేదో, దిగుడులో బండి ఏ పక్కకి లాగుతుందో ఆ కాసేపట్లోనే తెలుస్తుంది. వెళ్లేటప్పుడు అమ్మేవాళ్లని నడపమని మీరు పక్కన కూర్చోండి. వచ్చేటప్పుడు మీరు నడపండి. కిందికి దిగి ఆపగానే నాలుగు చక్రాల మధ్య భాగాన్ని చేత్తో తాకి చూడండి. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది లేదా బేరింగ్ పోతోంది.